ఏడికి పోతున్నవ్ బిడ్డా?

గత రమజాన్ మాసంలో ఒక సాయంత్రం మహబూబాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఇఫ్తార్‌కు ఇంకా ఇరవై నిమిషాల వ్యవధి ఉంది. దస్తర్‌ఖాన్ పరిచారు. ఖర్జూరాలు పళ్లెంలో సర్దారు. పక్కింటికి పంపవలసిన పకోడీల గిన్నె మీద మూత పెట్టి ఉంచారు. ఆ గిన్నె ఇచ్చి రమ్మనడానికి ఎనిమిదేళ్ల మేనల్లుణ్ణి పిలిస్తే పలకలేదు. మేడ మీద లేడు. మస్జిద్ దగ్గర లేడు. రోజూ ఆడుకునే ఖాళీ స్థలంలోనూ లేడు. మొదటి ఐదు నిమిషాలు మా చెల్లెలు వాణ్ణి తిట్టింది. ఆ తరువాత తిట్టడం మానివేసింది. ఆ మౌనం ఎటువంటిదో తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మగ్రిబ్ అజాన్ వినబడింది. ఆ రోజు ఉపవాసం ఖర్జూరంతో విరమించామో, మంచినీళ్లతో విరమించామో నాకిప్పటికీ గుర్తు లేదు. చెల్లెలి భర్త బండి తీసి ఒక దిక్కుకు, నేను నడిచి మరొక దిక్కుకు బయలుదేరాము. మస్జిద్ మైకులో చెప్పించడానికి పెద్దలు సిద్ధమవుతున్నారు. అంతలో వీధి మలుపులో చిన్న కిరాణం దుకాణం నడిపే వృద్ధురాలు తన గల్లా దగ్గర నుండే కేక వేసింది: "పిలగాని కోసమా? స్టేషన్ దిక్కు పోయిండు. ఏడికి పోతున్నవ్ బిడ్డా అని అడిగిన. రైలు చూడనీకి అన్నడు. ఎవలతోని అంటే ఆ మూలింటి పెద్ద పిలగాన్ని చూపెట్టిండు. నీలం అంగీ తొడుక్కున్నడు ఆ పిలగాడు."

ఎక్కడికి, ఎవరితో, ఏ రంగు చొక్కా. మూడు సంగతులూ ఒక్క శ్వాసలో చెప్పింది. మేము వెళ్లేసరికి ఇద్దరూ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వెళ్లిపోతున్న బొగ్గు రైలును చూపుతూ, "మామూ, యాభై ఎనిమిది" అన్నాడు మేనల్లుడు. వ్యాగన్లు లెక్కపెట్టాడన్నమాట. మొత్తం మీద గడచినది నలభై నిమిషాలు.

మరొక ఊళ్లో అయితే ఆ నలభై నిమిషాలు అంతగా భయపెట్టి ఉండేవి కావేమో. మానుకోటలో తల్లిదండ్రులకు ఒక జ్ఞాపకం ఉంది. 2020 అక్టోబరు 18, ఆదివారం సాయంత్రం. ఇంటి దగ్గర ఆడుకుంటున్న తొమ్మిదేళ్ల బాలుణ్ణి ఒక యువకుడు మోటారు సైకిలు మీద ఎక్కించుకొని వెళ్లాడు. ఆ రాత్రి కుటుంబానికి ఫోను వచ్చింది. 45 లక్షల రూపాయలు ఇస్తే పిల్లవాణ్ణి వదులుతానన్నాడు. నంబరు దొరకకుండా ఇంటర్నెట్ యాప్ ద్వారా మాట్లాడాడు. తరువాతి రోజులలోనూ ఆ కాల్స్ వస్తూనే ఉన్నాయి. 22వ తేదీన, గురువారం నాడు, ఊరికి సమీపంలోని గుట్ట మీద బాలుని మృతదేహం దొరికింది. అపహరించిన రోజునే చంపివేశాడని దర్యాప్తులో తేలింది. అంటే ఆ తల్లిదండ్రులు డబ్బు కూర్చుకుంటూ ఎదురుచూసిన ప్రతి గంటా, అప్పటికే లేని బిడ్డ కోసం ఎదురుచూసిన గంటే. 2023 సెప్టెంబరులో మహబూబాబాద్ కోర్టు దోషికి మరణశిక్ష విధించింది.

ఈ ఘటన గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది నోట రెండు మాటలే వినబడతాయి: ఉరి, కెమెరా. రెండింటి వెనుకా ఉన్న బాధను అర్థం చేసుకోగలను. కాని ఆ సాయంత్రం పిల్లవాడు బండి ఎక్కిన క్షణానికి ఆ రెండింటిలో ఏదీ ఉపయోగపడేది కాదు. తీసుకువెళ్లినవాడు తెలిసినవాడు. తెలిసినవాడు గనుకనే పిల్లవాడు ఎక్కాడు. చూసినవారు ఎవరైనా ఉన్నా, తెలిసినవాడితో వెళుతున్నాడనే అనుకొని ఉంటారు. ఆ క్షణంలో అక్కరకు వచ్చేది ఏదైనా ఉంటే అది ఒకే ఒక్క ప్రశ్న, మా వీధి అవ్వ అడిగిన ప్రశ్న.

పరాయివాళ్లతో వెళ్లకూడదని మనం పిల్లలకు నేర్పుతాము. మంచిదే. అయితే పిల్లలపై లైంగిక నేరాల విషయంలో జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటా ఒకే మాట చెబుతున్నాయి. ప్రతి వంద కేసులలో తొంభైకి పైగా నిందితుడు పిల్లలకు ముందే తెలిసినవాడు. బంధువు, పొరుగువాడు, కుటుంబ మిత్రుడు, రోజూ కనబడేవాడు. కనుక పరాయివాడు అన్న మాటతో గీసిన గీత పిల్లవాణ్ణి కాపాడదు. గీత మరొక చోట గీయాలి. అమ్మీకో, అబ్బాకో చెప్పకుండా ఎవరితోనూ బండి ఎక్కకూడదు. చాచా అయినా, మామూ అయినా, ట్యూషన్ మాస్టారు అయినా, అరబీ నేర్పే ఉస్తాద్ అయినా సరే. ఈ జాబితాలో ఉస్తాద్‌ను చేర్చినందుకు కొందరు పాఠకులు నొచ్చుకోవచ్చు. మంచి ఉస్తాద్ ఎవరూ నొచ్చుకోరు. పిల్లవాడు తల్లిని అడిగి వస్తానంటే సంతోషించేవాడే అసలైన గురువు.

ఇక కెమెరాల సంగతి. ఈ విషయంలో మన మూడు జిల్లాల వారి దృష్టి సహజంగా హైదరాబాద్ మీదనే ఉంటుంది. అక్కడ జరిగినది తక్కువేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే, 2013లో, ప్రజా భద్రతా చట్టం వచ్చింది. జనం పెద్ద సంఖ్యలో వచ్చిపోయే దుకాణాలు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాలు, విద్యాసంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని, దృశ్యాలను ముప్పై రోజులు భద్రపరచాలని ఆ చట్టం చెబుతుంది. "నేను సైతం" అనే కార్యక్రమం క్రింద కాలనీల వారే చందాలు వేసుకొని వీధులలో కెమెరాలు పెట్టుకున్నారు. 2014 అక్టోబరు 24న నగరంలో షీ టీమ్స్ మొదలయ్యాయి. మరుసటి సంవత్సరం రాష్ట్రమంతటా విస్తరించాయి. బస్ స్టాపులో ఆడపిల్లను వేధించేవాణ్ణి మఫ్టీలో ఉన్న పోలీసే పట్టుకుంటాడన్న భయం పోకిరీలకు మొదటిసారి కలిగింది. దానిని నేను గొప్ప మేలుగానే భావిస్తాను. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. ప్రపంచంలో కెమెరాలు ఎక్కువగా ఉన్న నగరాల జాబితాలలో నేడు హైదరాబాద్ పేరు కనిపిస్తుంది.

కెమెరా ఎంత పని చేస్తుంది? నలభై ఏళ్లలో వివిధ దేశాలలో జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వెలువడింది. కెమెరాలున్న చోట నేరాలు మొత్తం మీద సుమారు 13 శాతం తగ్గాయని, ఎక్కువ ఫలితం వాహనాలు నిలిపే స్థలాలలో కనిపించిందని, హింసాత్మక నేరాల మీద చెప్పుకోదగిన ప్రభావం లేదని తేల్చింది. అంటే కెమెరా మోటారు సైకిలును కాపాడుతుంది. దొంగను తరువాత పట్టిస్తుంది. కోర్టులో సాక్ష్యం చెబుతుంది. అవన్నీ అవసరమే. కాని అది పిల్లవాణ్ణి ఆపి ఏడికి పోతున్నవని అడగదు.

దానికి మరొక ప్రక్క కూడా ఉంది. 2021లో లాక్‌డౌన్ సమయంలో హైదరాబాద్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు వీధిలో ఆపి, మాస్కు తీయమని అడిగి ఫోటో తీశారు. ఎందుకు తీశారో, ఆ ముఖాన్ని ఏ యంత్రంలో దాచారో చెప్పమని ఆయన రాష్ట్ర హైకోర్టును ఆశ్రయించారు. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాల మీద మన దేశంలో న్యాయస్థానాల ముందుకు వచ్చిన మొదటి వివాదాలలో అది ఒకటి. అనుమానం ఏ బస్తీల మీద ముందు వాలుతుందో మన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నగరాలు కావు కదా, ఈ చర్చ ఇక్కడెందుకని అడగవచ్చు. 2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. అంతవరకు అన్ని పనులకూ వరంగల్ వెళ్లి వచ్చిన ఊళ్లు ఇవి. కలెక్టరేట్లు వచ్చాయి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వెంట హాస్టళ్లు, అద్దె గదులు, టిఫిన్ బండ్లు వచ్చాయి. జనగామ హైదరాబాద్, వరంగల్ నడుమ జాతీయ రహదారి మీదనూ, రైలు మార్గం మీదనూ ఉంది. పోలీసు పరిపాలనలో వరంగల్ కమిషనరేట్ క్రిందికి వస్తుంది. భూపాలపల్లిలో సింగరేణి గనులు, దగ్గరలో చెల్పూరు విద్యుత్ కేంద్రం. బయటి రాష్ట్రాల కూలీలు, కాంట్రాక్టు కార్మికులు, షిఫ్టులు. ఊరు పట్టణమైందని మునిసిపాలిటీ బోర్డు చెబుతుంది. కాని ఊరు నిజంగా పట్టణమయ్యేది పక్క గదిలో ఉంటున్నవారి పేరు మనకు తెలియకుండా పోయిన రోజున. ఆ లెక్కన మనం పట్టణవాసులమై కొన్నేళ్లయింది.

పేరు తెలియకుండా బ్రతకడం ఎంత ప్రమాదమో వరంగల్ ప్రక్కనే మనం చూశాము. 2020 మే 21, 22 తేదీలలో గొర్రెకుంట వద్ద గోనెసంచుల కార్ఖానా ప్రక్కనున్న బావి నుండి తొమ్మిది మృతదేహాలు వెలికివచ్చాయి. అందులో ఆరుగురు ఒకే ముస్లిం కుటుంబం వారు. పొట్టకూటి కోసం ఏళ్ల క్రితమే పశ్చిమ బెంగాల్ నుండి వచ్చి స్థిరపడినవారు. వారిలో మూడేళ్ల పసివాడూ ఉన్నాడు. మిగిలినవారిలో ఇద్దరు బీహార్ యువకులు. లాక్‌డౌన్ రోజులు గనుక ఆకలికి తాళలేక ఆత్మహత్య చేసుకున్నారేమోనని మొదట చాలామంది అనుకున్నారు. అది కాదని కొద్ది రోజులలోనే తేలింది. వారికి పరిచయస్థుడే అయిన ఒకడు ఆహారంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని బావిలో పడవేశాడు. అదే సంవత్సరం అక్టోబరు 28న వరంగల్ కోర్టు వానికి మరణశిక్ష విధించింది.

ఆ కేసులో నన్ను ఎక్కువగా కలచివేసిన సంగతి తీర్పు కాదు, కారణం. ఆ కుటుంబానికి దగ్గరి బంధువైన ఒక స్త్రీని వాడు మార్చిలోనే చంపాడు. రైలులో తీసుకువెళుతూ దారిలో చంపి పడవేశాడు. ఆమె ఊరికి వెళ్లిందని అందరికీ చెప్పాడు. పిల్లలున్న తల్లి రెండు నెలలకు పైగా కనిపించకపోతే ఎవరు అడిగారు? అడిగినది ఒక్కరే, ఈ కుటుంబంలోని ఇల్లాలు. మా మనిషి ఏదని మళ్లీ మళ్లీ నిలదీసింది. పోలీసులకు చెబుతానన్నది. ఆ ఒక్క ప్రశ్నను అణచడానికి తొమ్మిది ప్రాణాలు తీశాడు. అడిగేవారు ఒక్కరే ఉంటే వారినే అంతం చేయవచ్చునన్న ధైర్యం హంతకునికి కలిగింది. ఇంటి యజమాని, కిరాణం వారు, పిల్లల బడి, మస్జిద్, ఇరుగు పొరుగు కలిసి పదిమంది అడిగి ఉంటే ఏ బావీ సరిపోయేది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. అడగడం వేరు, అనుమానించడం వేరు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వదంతులు వ్యాపించాయి. అదే సంవత్సరం మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపింది. రమజాన్ మాసం అది. దానం అడగడానికి పాలమూరు ప్రాంతం నుండి వచ్చినవారు వాళ్లు. చేతులెత్తినవారిలో ఎందరు ఆ రోజు ఉపవాసం ఉన్నారో అల్లాహ్‌కే తెలుసు. అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి మరొక దారి పట్టారు. గ్రామానికొక పోలీసును కేటాయించారు. ఆ పోలీసు ఊళ్లో తిరిగాడు, పేర్లు తెలుసుకున్నాడు, ఊరి వాట్సాప్ గ్రూపులో చేరాడు. డప్పు కొట్టి, పాట కట్టి, ఆ వీడియోలు అబద్ధమని ఇంటింటికీ చెప్పారు. కొత్త మనిషి కనిపిస్తే కొట్టవద్దు, ఫోను చేయండి అన్నారు. ఆ వదంతుల మూలంగా ఆ జిల్లాలో ఒక్క ప్రాణమూ పోలేదు.

సూరహ్ హుజురాత్‌లో, వచ్చిన వార్తను విచారించి నిర్ధారించుకోవాలన్న ఆజ్ఞ ఉంది. దుర్భావనతో అనుమానించడం, ఇతరుల రహస్యాలను కూపీ లాగడం తగదన్న నిషేధమూ అదే సూరహ్‌లో, కొద్ది ఆయతుల తరువాతనే ఉంది. ఈ రెండూ ఒకే చోట ఉండడం నాకు చాలా అర్థవంతంగా తోస్తుంది. అద్దెకు వచ్చినవాని ఆధార్ కాగితం ఠాణాలో ఇచ్చి రమ్మంటే ఇచ్చి వస్తాము. వాని తల్లి పేరు, ఊరి పేరు, జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయాలో మాత్రం అడిగి ఉండము. మొదటిది మన రక్షణ కోసం, రెండవది అతని కోసం. రెండవది చేసే ఇంటి యజమానికి మొదటిది దానంతటదే సమకూరుతుంది. ముస్లిం పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదన్న జవాబు ఎదుర్కొన్నవారు మన పాఠకులలో ఎంతోమంది ఉంటారు. అటువంటి మనం, మన ఇంట్లో గది అడిగిన బీహారీ కుర్రవాణ్ణి ఎలా చూస్తున్నామో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

అడిగిన తరువాత చేయవలసినదీ తెలిసి ఉండాలి. పిల్లవాడు కనిపించకపోతే బంధువుల ఇళ్లన్నీ వెతికి, రాత్రి దాకా చూసి, తెల్లవారి ఠాణాకు వెళదామనుకోవడం మన అలవాటు. పరువు గురించిన భయం కూడా అందులో ఉంటుంది, ముఖ్యంగా కనిపించనిది ఆడపిల్ల అయితే. వెతుకుతూనే 112కు ఫోను చేయాలి. పిల్లల కోసం 1098 ఉంది. 2013 మే 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కనిపించకుండా పోయిన పిల్లల ఫిర్యాదును పోలీసులు వెంటనే ఎఫ్.ఐ.ఆర్.గా నమోదు చేయాలి, అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి దర్యాప్తు మొదలుపెట్టాలి. ఒకరోజు చూసి రండి అనే అధికారం ఎవరికీ లేదు.

మా పరిధి కాదు అనే అధికారమూ లేదు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలు ఆపదలో ఉన్నప్పుడు, ఆమె కుటుంబం ఫిర్యాదు చేయబోతే పరిధి పేరుతో జాప్యం చేశారన్న ఆరోపణ వచ్చింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పదిరోజులు గడవకముందే, డిసెంబరు 6న, నిందితులు నలుగురూ పోలీసు కాల్పులలో మరణించారు. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ ఎదురుకాల్పుల కథనాన్ని నమ్మలేదు, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. పూలు చల్లినవారిని నేను తప్పు పట్టబోను, వారి ఆక్రోశం అటువంటిది. కాని నలుగురిని కాల్చిన తొందర, ఆ రాత్రి ఫిర్యాదు తీసుకోవడంలో ఉంటే ఎంత బాగుండేది! నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా కేసు నమోదు చేయాలన్న నియమం ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనే ఉంది. 2024 జూలై 1 నుండి అది అమలులో ఉంది. ఈ ఒక్క సంగతి తెలిసి, గట్టిగా అడిగేవారు వీధికి ఇద్దరు ఉన్నా చాలు.

మునిసిపాలిటీని అడగవలసినది ఒకటుంది. దీపాలు. న్యూయార్క్‌లో 2016లో ప్రభుత్వ గృహ సముదాయాలలో కొన్నింటిని చీటీ వేసినట్లు ఎంచి, అక్కడ అదనంగా పెద్ద దీపాలు పెట్టి ఫలితం చూశారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు మూడవ వంతుకు పైగా తగ్గాయి. భూపాలపల్లిలో రాత్రి షిఫ్టు దిగి నడిచి వచ్చే కార్మికునికైనా, జనగామ స్టేషన్‌లో సాయంత్రపు రైలు దిగి ఇంటికి వెళ్లే విద్యార్థినికైనా, వెలగని వీధి దీపం కన్నా పెద్ద సమస్య లేదు. కెమెరా కొనడానికి చందా వేసుకొనే కాలనీలు ముందుగా ఆ చీకటి స్తంభాలు లెక్కపెట్టి, నంబర్లు వ్రాసి మునిసిపల్ కమిషనర్‌కు ఇవ్వవచ్చు. చీకటిలో కెమెరాకూ పెద్దగా కనబడదు.

భద్రత అనగానే మనకు హంతకుడే గుర్తుకు వస్తాడు గాని, 2022లో తెలంగాణలో హత్యలు వెయ్యికి లోపు, రోడ్డు ప్రమాద మరణాలు ఏడున్నర వేలకు పైగా. పదిహేనేళ్ల కొడుకు చేతికి బండి తాళాలు ఇచ్చే తండ్రి ఏ అపహరణకర్త గురించి భయపడుతున్నట్లు?

కొడుకుల మాట వచ్చింది గనుక, ఇంతవరకు వాయిదా వేసిన సంగతి చెబుతాను. మన పిల్లలు నేరానికి బలి కాకూడదని ఎప్పుడూ అనుకుంటాము. నేరం చేసేవారు కూడా ఎవరో ఒకరి పిల్లలే అన్నది మాత్రం మరచిపోతాము. మహబూబాబాద్ బాలుణ్ణి తీసుకువెళ్లినవాడు తేలికగా డబ్బు సంపాదించాలన్న దురాశపరుడైన యువకుడు. ఏ నెలలోనో వాని ఆలోచన దారి తప్పి ఉంటుంది. ఆ నెలలో వాణ్ణి ఎవరైనా ఏడికి పోతున్నవ్ బిడ్డా అని అడిగారా? మన మొహల్లాలలోనూ చదువు మానేసి రాత్రి రెండింటి దాకా మలుపులో కూర్చునే పిల్లలు ఉన్నారు. సంపాదన లేనివాని చేతిలో ఖరీదైన ఫోను కనిపిస్తుంది. ఆన్‌లైన్ బెట్టింగ్ అప్పు ఇంట్లో తెలియదు. ఆంధ్ర ఒడిశా సరిహద్దు నుండి హైదరాబాద్ వైపు సాగే గంజాయి రవాణాకు మన రైళ్లు, మన రోడ్లు దారి అవుతున్నాయి, సంచి మోయడానికి వారు వెతికేది ఇటువంటి కుర్రవాళ్లనే. ఇంటి ఆడపిల్ల పది నిమిషాలు ఆలస్యమైతే వంద ప్రశ్నలు వేస్తాము. కొడుకు తెల్లవారుజామున వస్తే తలుపు తీసి మాట్లాడకుండా వెళ్లి పడుకుంటాము. ఈ ఇంటి అన్యాయానికి వీధి మూల్యం చెల్లిస్తున్నదని నా నిశ్చితాభిప్రాయం.

ఆ సాయంత్రం మా మేనల్లుణ్ణి స్టేషన్‌కు తీసుకువెళ్లిన పెద్దపిల్లవాడు అటువంటివాడే. పదవ తరగతి తప్పాడు, బడి మానేశాడు. వాణ్ణి మా చెల్లెలి భర్త ప్లాట్‌ఫారం మీదనే కొట్టబోయాడు. నేను ఆపాను గాని, నాలోనూ ఆ కోపం ఉంది. తిరిగి వస్తుంటే అవ్వ దుకాణం ముందు అందరినీ నిలబెట్టింది. "గా పోరడు రోజు స్టేషన్‌ల కూసుంటడు. వాళ్లయ్య బొంబాయి పోయి రెండేండ్లాయె. గాడు ఏం చెయ్యాలె?" అన్నది. ఆ ఇంటి సంగతి ఆ వీధిలో ఎనిమిదేళ్లుగా ఉంటున్న మా చెల్లెలికి తెలియదు. పదహారేళ్ల కుర్రవాడు సాయంత్రాలు ఎక్కడ గడుపుతున్నాడో, ఎందుకు గడుపుతున్నాడో ఎరిగినది మలుపు దుకాణం ముసలమ్మ మాత్రమే.

మరునాడు ఇఫ్తార్‌కు ముందు పకోడీల గిన్నెలు మూడయ్యాయి. పక్కింటికి ఒకటి, మూలింటికి ఒకటి, అవ్వకు ఒకటి. అవ్వ గిన్నె మా మేనల్లుడే తీసుకువెళ్లాడు, ఈసారి అమ్మీకి చెప్పి. వాడు తిరిగి వచ్చి గిన్నె కడిగే చోట పెడుతూ చెప్పాడు. అవ్వ గిన్నె అందుకొని, ఇయ్యాల ఎన్ని డబ్బలు లెక్కవెట్టినవ్ అని అడిగిందట.